పాస్‌కోడ్ మర్చిపోయిన ట్యాబ్‌ను షాపుకు ఇచ్చే ముందు దాని అట్టపెట్టె వెతకండి

నాన్నగారు ఐప్యాడ్ పాస్‌కోడ్ మర్చిపోయారు, లోపల ఫొటోలు పోకుండా లాక్ తీసే దారి ఉందా, ఊళ్లో షాపువాళ్లు మూడు వేలకు తీసిస్తామంటున్నారు, ఇవ్వమంటారా అని మీరు అడిగారు. ఇవ్వకండి. ఈ వారం మాత్రం అస్సలు ఇవ్వకండి. మా ఇంట్లో అచ్చం ఇదే జరిగింది. నేను చేరేసరికి ఒక్క రోజు ఆలస్యమైంది.

మా అమ్మ తణుకులో ఉంటుంది. వయసు అరవై ఎనిమిది. 2021 చివర్లో తమ్ముడు డాలస్ నుంచి వచ్చినప్పుడు ఐప్యాడ్ తెచ్చిపెట్టాడు, కింద గుండ్రటి బటన్ ఉండే రకం. బొటనవేలు పెడితే తెరుచుకుంటుంది. నాన్న ఆ మరుసటేడే పోయారు. అప్పటి నుంచి అమ్మకు అదే తోడు. మనవడితో మాట్లాడినా, ప్రవచనాలు విన్నా, పాటలు రికార్డు చేసుకున్నా అన్నీ దాంట్లోనే.

వేలిముద్ర ఉన్నా ఐప్యాడ్ అప్పుడప్పుడూ పాస్‌కోడ్ అడుగుతుంది. ఆపేసి మళ్లీ ఆన్ చేస్తే అడుగుతుంది. రెండు రోజులు అసలు తెరవకపోతే అడుగుతుంది. ఆరున్నర రోజులుగా పాస్‌కోడ్ కొట్టకుండా, నాలుగు గంటలుగా వేలు కూడా పెట్టకుండా ఉన్నా అడుగుతుంది. అంటే వారానికోసారి పొద్దున్నే అడుగుతుందన్నమాట. అమ్మ చెయ్యి దానంతటదే కొట్టేసేది. ఆ ఆరంకెలు ఏమిటని ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదేమో గానీ, వేలు మాత్రం ఆగేది కాదు.

పోయినేడాది కార్తీకమాసంలో పెద్దమ్మ, అంటే అమ్మ వాళ్ల అక్క, వచ్చి పది రోజులు అమ్మ దగ్గర ఉంది. మా వైపు పెళ్లిళ్లలో పాడే మంగళహారతులు, అప్పగింతల పాటలు పెద్దమ్మకు వచ్చినన్ని ఇంకెవరికీ రావు. సాయంత్రం దీపం పెట్టాక ఇద్దరూ కూర్చుని, ఆవిడ పాడుతుంటే అమ్మ ట్యాబ్‌లో రికార్డు చేసింది. మొత్తం పదకొండు పాటలు. ఊరికి వెళ్లిన వారానికే పెద్దమ్మ నిద్రలో పోయింది.

అమ్మ ఆ పదిహేను రోజులూ అక్కడే ఉండిపోయింది. ట్యాబ్ ఇక్కడ బీరువాలో, చీరల మధ్య. తిరిగి వచ్చాక పాటలు విందామని తీస్తే చార్జింగ్ పూర్తిగా అయిపోయి ఉంది. చార్జర్ పెట్టి ఆన్ చేస్తే వేలిముద్ర పనిచేయలేదు, పాస్‌కోడ్ అడిగింది. అమ్మ తన వేలే అరిగిపోయిందనుకుంది. చీర కొంగుతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని మళ్లీ పెట్టి చూసిందట. తర్వాత అంకెలు కొట్టింది. తప్పు. ఇంకోసారి. తప్పు. ముందు ఒక నిమిషం ఆగమంది, తర్వాత ఐదు నిమిషాలు, పావుగంట, చివరికి గంట.

ఇక్కడ మీకు పనికొచ్చే మాట ఒకటి. తప్పులు పది అయితే కథ ముగిసినట్టే, ఆ తర్వాత సరైన నంబరు గుర్తొచ్చినా లాభం లేదు. కానీ గంట ఆగమన్న దగ్గర మీరున్నారంటే ఇంకా కొద్దిపాటి అవకాశాలు చేతిలో ఉన్నట్టు. వాటిని దాచుకోండి. ట్యాబ్‌ను పిల్లల చేతికి అందకుండా పెట్టండి. నాన్నగారి ముందు తెల్లకాగితం, పెన్ను పెట్టి, ఇప్పటిదాకా కొట్టిన నంబర్లన్నీ రాయించండి. వేలు ఎటు నుంచి ఎటు వెళ్లేదో గాల్లో చూపించమనండి. తొందరపెట్టకండి. ఒక్క మాట మాత్రం నోట్లోంచి రానివ్వకండి: "అంత మాత్రం గుర్తుండదా?" నేను ఫోన్‌లో అమ్మను ఆ మాట అన్నాను. అక్కను పోగొట్టుకుని ఇరవై రోజులు కాలేదు, ఆ మనిషిని ఆ మాట అన్నాను. అమ్మ ఏమీ అనలేదు, ఫోన్ పెట్టేసింది. నేను రెండో శనివారం వస్తానన్నాను కదా, అప్పటిదాకా నన్ను ఇబ్బంది పెట్టడమెందుకని, శుక్రవారం పక్కింటి అబ్బాయిని వెంటబెట్టుకుని మొబైల్ షాపుకు వెళ్లింది.

ఆ షాపతను డేటా పోదమ్మా అన్నాడు. మూడు వేల ఐదొందలు అన్నాడు. కంప్యూటర్‌కు తగిలించి అరగంటలో మొత్తం చెరిపేశాడు. చెరిపాక తెర మీద రకరకాల భాషల్లో హలో అని వచ్చింది. కొంచెం ముందుకెళ్లగానే ఎవరిదో ఈమెయిల్ చూపించి పాస్‌వర్డ్ అడిగింది. అది తమ్ముడిది. అమ్మకు అది తెలియదు. అప్పుడు షాపతను నలుగురి ముందు అన్న మాట, "అమ్మా, ఇది మీదేనా? బిల్లుందా? ఎవరిదో లాక్ పడింది." పైగా చేసిన పనికని ఎనిమిది వందలు తీసుకున్నాడు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ చేతులు వణుకుతున్నాయి. ఆ మాట పడ్డ తర్వాత అమ్మ చాలా రోజులు బజారుకే వెళ్లలేదు.

డేటా పోకుండా లాక్ తీస్తామని ఎవరన్నా నమ్మకండి. అది తలుపు తాళం లాంటిది కాదు, పగలగొడితే ఊడి రావడానికి. లోపలున్నదంతా రహస్య లిపిలా మార్చేసి ఉంటుంది. మీ ఆరంకెలూ, ఫ్యాక్టరీలోనే ఆ చిప్‌లో వేసిన ఒక తాళంచెవీ రెండూ కలిస్తేనే అది మళ్లీ ఫొటోగా, పాటగా మారుతుంది. మెమరీ ఊడదీసి వేరే దాంట్లో పెట్టి చదవలేరు. చెరిపేయడమంటే కూడా ఒక్కో ఫొటో తీసెయ్యడం కాదు, ఆ తాళంచెవులను నాశనం చేయడం. అందుకే అరగంటలో అయిపోతుంది, అందుకే వెనక్కి రాదు. 2016లో అమెరికాలో ఎఫ్‌బీఐ వాళ్లే ఒక కాల్పుల కేసులో ఒక్క ఐఫోన్ తెరిపించడానికి కోర్టు దాకా వెళ్లారు, చివరికి బయటివాళ్ల సాయంతో తెరిచారు. అదీ పాత రకం 5సీ. మన బజారులో మూడు వేలకు అయ్యే పని కాదండీ అది. ఇంటర్నెట్‌లో అమ్మే అన్‌లాక్ సాఫ్ట్‌వేర్లు కూడా చివరికి చేసేది ఈ చెరిపే పనే. ఆ పని మీరే ఉచితంగా చేసుకోవచ్చు. ఐప్యాడ్ఓఎస్, అంటే ఐప్యాడ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్, 15.2 గానీ ఆ తర్వాతది గానీ అయితే, ఇంటర్నెట్ ఉంటే లాక్ తెర మీదే చెరిపే బటన్ వస్తుంది, యాపిల్ ఖాతా పాస్‌వర్డ్ కొడితే చాలు. లేదంటే కేబుల్‌తో కంప్యూటర్‌కు పెట్టి రికవరీలోకి, అంటే కంప్యూటర్ నుంచి సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించే స్థితిలోకి, తీసుకెళ్లి రీస్టోర్ నొక్కడమే. ఆ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ పావుగంట దాటితే ఐప్యాడ్ రికవరీ నుంచి బయటికొచ్చేస్తుంది, కంగారు పడకుండా మళ్లీ మొదటి నుంచి చేయాలి. ఆండ్రాయిడ్ ట్యాబ్ అయినా పెద్ద తేడా లేదు. 5.1 నుంచి, బటన్లు పట్టుకుని రీసెట్ చేశాక పాత గూగుల్ ఖాతా అడిగే ఏర్పాటు వచ్చింది.

కానీ చెరిపే ముందు చేయాల్సినవి ఉన్నాయి. కోడ్ ఈమధ్యే మార్చి ఉంటే, ఐప్యాడ్ఓఎస్ 17 నుంచి 72 గంటల లోపు పాత కోడ్‌తో కూడా లోపలికి వెళ్లనిస్తుంది. అది చూసుకోండి. ట్యాబ్ ఏ మెయిల్ మీద ఉందో కనుక్కోండి. ఆ మెయిల్‌తో వేరే కంప్యూటర్లో ఐక్లౌడ్ (యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వ) తెరిచి ఫొటోలు అక్కడ ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. లాగిన్ కోడ్ ఏ ఫోన్ నంబరుకు వెళ్తుందో, ఆ నంబరు ఇంకా ఎవరి దగ్గరుందో కూడా చూసుకోండి.

మాకు ఆ నంబరు డాలస్‌లో ఉంది. నేను శనివారం తణుకు వెళ్లి, మనకు మధ్యాహ్నం రెండు గంటలకు, వాడికి రాత్రి రెండున్నరకు, ఫోన్ చేసి లేపాను. విదేశాల నుంచి రెండు వారాల సెలవుకు వచ్చేవాళ్లకు ఇక్కడే ఒక మాట చెప్పాలి. తిరుగు ప్రయాణం ముందు రోజు రాత్రి, సూట్‌కేసులు సర్దుకుంటూ, మీ మెయిల్, మీ నంబరు పెట్టేసి "అమ్మా, అంతా సెట్ చేశాను" అని వెళ్లిపోకండి. అది సెట్ చేయడం కాదు. అమ్మ వాడే వస్తువు అమ్మ మెయిల్ మీద, అమ్మ నంబరు మీద ఉండాలి. నా తమ్ముడు మంచివాడే, ప్రేమతోనే తెచ్చాడు. కానీ వాడు నిద్రపోతే అమ్మ సొంత వస్తువులోకి అమ్మ వెళ్లలేని పరిస్థితి.

పాస్‌వర్డ్ కొట్టాక బ్యాకప్ కనిపించింది. ప్రాణం లేచొచ్చింది. తేదీ చూస్తే ఆగస్టు. ఉచితంగా ఇచ్చే 5 జీబీ మనవడి వీడియోలతో నిండిపోయి, అప్పటి నుంచి బ్యాకప్ ఆగిపోయింది. నిండిందని ట్యాబ్ చెబుతూనే ఉందట, అదేదో ప్రకటన అనుకుని అమ్మ తీసేస్తూ వచ్చింది. మేమిద్దరం ఒక్కసారి కూడా చూడలేదు. ఆగిన బ్యాకప్‌ను 180 రోజులే ఉంచుతారు కాబట్టి, ఇంకో రెండు నెలలు గడిస్తే అదీ ఉండేది కాదు. నాన్న ఫొటోలు వచ్చాయి. కార్తీకమాసం పాటలు రాలేదు. పదకొండూ పోయాయి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. నెల తిరక్కుండా సంక్రాంతి వచ్చింది. భోగి ముందు రోజు పాత సామాన్లు, మంటలో వేయడానికి అట్టపెట్టెలు అటక మీంచి దించుతున్నాం. అందులో ఐప్యాడ్ తెల్ల పెట్టె వచ్చింది. మూత తిప్పి చూస్తే లోపల పెన్సిల్‌తో, నాన్న రాతలో తేదీ, తమ్ముడి మెయిల్, ఆరంకెలు. బిల్లు మడతపెట్టి అడుగున ఉంది. నాన్న పంచాయతీరాజ్ ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. గ్యాస్ బండ వచ్చిన తేదీ, కరెంటు మీటరు రీడింగు, పాలవాడి లెక్క ఏదీ రాయకుండా ఉండేవారు కాదు. ఆయన రాసే ఉంటారని మా ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు.

అమ్మ ఆ పెట్టె పట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, తను కొట్టిన నంబర్లు రాసుకున్న కాగితం తెచ్చింది. నాలుగంకెలు సరిగ్గానే గుర్తున్నాయి. చివరి రెండే తప్పాయి. ఒక్కోసారి ఒక్కోలా కొట్టింది, సరైన జత మాత్రం పడలేదు. ట్యాబ్ షాపుకు వెళ్లేనాటికి ఇంకా కనీసం ఒక్క అవకాశం మిగిలే ఉంది.

అందుకే కోడ్ కాగితం మీద రాయొద్దనే సలహా నాకు నచ్చదు. ఏటీఎం పిన్ పర్సులో పెట్టుకోవద్దంటే సరే. ఇంట్లో వాడుకునే ట్యాబ్ కోడ్ రాసి పెట్టుకుంటే ఏ దొంగ వచ్చి అటక ఎక్కుతాడు? పెద్దవాళ్ల ఇళ్లలో ట్యాబ్‌లు దొంగల వల్ల పోవడం నేను ఒక్కటీ చూడలేదు, మర్చిపోవడం వల్ల పోయినవి మా వీధిలోనే మూడు. ఇప్పుడు అమ్మ పంచాంగం చివరి పేజీలో రాసుకుంటోంది. పంచాంగం ఆ ఇంట్లో ఎప్పుడూ పోదు. ఉగాదికి కొత్తది కొనగానే దాంట్లోకి ఎక్కిస్తుంది.

పెద్దమ్మ పాట ఒక్కటి మిగిలింది. రికార్డు చేసిన మర్నాడు అమ్మ ట్యాబ్‌లో పాట పెట్టి, పక్కన తన ఫోన్ పట్టుకుని దాన్ని మళ్లీ రికార్డు చేసి పిన్నికి వాట్సాప్‌లో పంపిందట. మా బాధ విని పిన్ని వెతికి పంపింది. మధ్యలో కుక్కర్ విజిల్ రెండుసార్లు వస్తుంది. మొదట్లో పెద్దమ్మ నవ్వుతూ "శ్రుతి తప్పింది, మళ్లీ మొదలెట్టనా?" అంటుంది. రెండు నిమిషాల చిల్లర ఉంటుంది.

కాబట్టి ముందు నాన్నగారి ట్యాబ్ పెట్టె ఎక్కడుందో చూడండి. మూత లోపల, బిల్లు వెనక, పాత డైరీల్లో, క్యాలెండర్ వెనక, మందుల చీటీల మీద, అమ్మగారి వంటింటి లెక్కల పుస్తకంలో చూడండి. పెట్టె మీద సీరియల్ నంబరు ఉంటుంది. రేపు చెరపక తప్పకపోయినా, ఖాతా పాస్‌వర్డ్ దొరక్కపోయినా, అసలు బిల్లు చూపించి యాక్టివేషన్ లాక్ (చెరిపాక పాత ఖాతా పాస్‌వర్డ్ అడిగే తాళం) తీయమని యాపిల్‌ను అడగడానికి ఆ నంబరు, బిల్లు కావాలి. ఏ కాగితం దొరికినా వెంటనే కొట్టెయ్యకండి, నాన్నగారికి చూపించి ఆయన అవునన్నాకే ఆయన చేతే కొట్టించండి.