ఐదు రోజుల్లో పేపర్ వేస్తామనేవాళ్లకు మీ థీసిస్ ఇవ్వకండి

ప్రశ్న: ఈ ఏడాదే ఎమ్మెస్సీ నర్సింగ్ పూర్తిచేసి, మా ఊళ్లోనే ఒక ప్రైవేట్ నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌గా చేరాను. మంచం పట్టిన రోగుల్ని ఇంట్లో చూసుకునే 60 మందికి బెడ్‌సోర్లు రాకుండా ఏం చేయాలో పాఠం చెప్పి, ముందొకసారి, వారం తర్వాత ఒకసారి పరీక్ష పెట్టడం నా థీసిస్. దాన్ని పేపర్‌గా వేయమని ప్రిన్సిపల్ మేడమ్ అంటున్నారు. వాట్సాప్‌లో ఒకాయన 3,500 రూపాయలిస్తే ఐదు రోజుల్లో ఇంటర్నేషనల్ జర్నల్‌లో వేయిస్తానంటున్నాడు. ముందుముందు పీహెచ్‌డీ చేయాలని ఉంది. ఇంగ్లిష్‌లో రాయాలంటే భయం. గైడ్ మేడమ్ పేరు ముందుండాలా, నాదా? ఏం చేయమంటారు?
— ఒక నర్సింగ్ ట్యూటర్, కరీంనగర్

జవాబు: అమ్మా, ముందు ఆ వాట్సాప్ సంగతి తేల్చేద్దాం. వద్దు. 3,500 పోతాయని కాదు, మీ థీసిస్ పోతుందని చెబుతున్నాను.

నేను నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే రోజుల్లో ఇదే పని చేశాను. ఫైల్లో పెట్టడానికి ఒక పేపర్ కావాలి, అంతే. డబ్బు కట్టిన మూడో రోజుకే ‘యాక్సెప్టెడ్’ అని మెయిల్ వచ్చింది. ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. అచ్చయ్యాక చూసుకుంటే రెండో టేబుల్లో కూడిక తప్పు. రెండేళ్లకు ఆ వెబ్‌సైటే కనిపించకుండా పోయింది. పోనీ అదే డేటాను మంచి జర్నల్‌కు పంపుదామా అంటే, ఒకసారి అచ్చయినదాన్ని కొత్తదని మళ్లీ పంపకూడదు. రెండేళ్ల కష్టం అలా బూడిదలో పోసిన పన్నీరయింది.

ఈ వ్యాపారం చిన్నదేమీ కాదు. 2013లో జాన్ బొహానన్ అనే సైన్స్ పాత్రికేయుడు కావాలనే ఘోరమైన తప్పులు పెట్టి ఒక బూటకపు పేపర్ తయారుచేసి, దాన్ని కొద్దికొద్దిగా మార్చి 304 జర్నళ్లకు పంపాడు. 157 జర్నళ్లు ఒప్పేసుకున్నాయి. మన హైదరాబాద్ నుంచే నడిచిన ఓమిక్స్ గ్రూప్ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కేసు వేస్తే, 2019లో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పు ఇచ్చింది. సరిగా పీర్ రివ్యూ (అచ్చువేసే ముందు తోటి నిపుణులు వ్యాసాన్ని పరిశీలించడం) లేకుండానే ఉందని చెప్పడం, ఫీజు సంగతి ముందు చెప్పకుండా దాచడం అందులో ప్రధాన ఆరోపణలు.

కాబట్టి గుర్తుపట్టడం నేర్చుకోండి. ఐఎస్‌ఎస్‌ఎన్ నంబర్ ఉందని మురిసిపోకండి. అది పుస్తకం మీద సీరియల్ నంబర్ లాంటిది, నాణ్యతకు ముద్ర కాదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (ఆ జర్నల్ వ్యాసాలను ఇతరులు సగటున ఎంతగా ఉదహరిస్తున్నారో చెప్పే అంకె) అని ఏదో ఒకటి వేసుకుంటారు. అసలైన ఇంపాక్ట్ ఫ్యాక్టర్ క్లారివేట్ సంస్థ ఇచ్చేదే. ‘యూజీసీ కేర్ లిస్ట్’ (యూజీసీ గుర్తించిన జర్నళ్ల పట్టిక) అని బ్యానర్ పెట్టినవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ లిస్టునే యూజీసీ పక్కనపెట్టిందని 2025 ఫిబ్రవరిలో ప్రకటన వచ్చేసింది. ఫలానా చోట ఇండెక్స్ అయిందని జర్నల్ చెబితే, వాళ్ల సైట్లో కాదు, నేరుగా స్కోపస్, మెడ్‌లైన్, డీఓఏజే లాంటి జర్నళ్ల సూచికల్లోనే వెతికి చూడండి. ఎడిటోరియల్ బోర్డులో ఒకరిద్దరి పేర్లు పట్టుకుని వాళ్ల యూనివర్సిటీ పేజీలో ఆ జర్నల్ ప్రస్తావన ఉందేమో చూడండి. పావుగంట పని. ఫీజు తీసుకునే జర్నళ్లన్నీ మోసం కాదు. మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లు కూడా తీసుకుంటాయి. కానీ ఎంతో ముందే సైట్లో రాసిపెడతాయి, ఎక్కువగా రివ్యూ అయ్యి వ్యాసం ఒప్పుకున్నాకే అడుగుతాయి.

ఇక అసలు విషయం. మీ థీసిస్ చదవకుండానే టైటిల్ చెప్పగలను. ‘ఎ స్టడీ టు అసెస్ ది ఎఫెక్టివ్‌నెస్ ఆఫ్ స్ట్రక్చర్డ్ టీచింగ్ ప్రోగ్రామ్ ఆన్ నాలెడ్జ్ రిగార్డింగ్ ప్రివెన్షన్ ఆఫ్ ప్రెషర్ అల్సర్స్ అమాంగ్ కేర్‌గివర్స్...’ చివర ‘ఇన్ సెలెక్టెడ్ హాస్పిటల్స్’. అవునా? మనవాళ్ల థీసిసుల్లో సగం ఇలాగే ఉంటాయి, నాదీ అంతే. ఎగ్జామినర్‌కు ఇది చాలు. జర్నల్ ఎడిటర్‌కు మాత్రం మొదటి వరుసలోనే నీరసం వచ్చేస్తుంది. పాఠం చెప్పిన వారానికే పరీక్ష పెడితే మార్కులు పెరగక ఏమవుతాయి? పెయిర్డ్ టీ టెస్ట్‌లో (అదే మనుషుల ముందు, తర్వాత సగటు మార్కుల్ని పోల్చే లెక్క) పీ విలువ 0.001 కంటే తక్కువ వచ్చిందన్నది, అంటే ఆ తేడా కాకతాళీయం కాకపోవచ్చన్నది, వార్త కాదు. పైగా కంట్రోల్ గ్రూప్ (పోల్చి చూడడానికి పాఠం వినని బృందం) లేదు కాబట్టి ‘మా పాఠం వల్లే’ అని గట్టిగా అనడానికీ లేదు.

మరి మీ దగ్గర ఏముంది? మీ ప్రశ్నపత్రం ఉంది. మొత్తం మార్కులు పక్కనపెట్టి ఒక్కో ప్రశ్న విడిగా తీయండి. ‘నడుం దగ్గర చర్మం ఎర్రబడితే ఏం చేయాలి?’ లాంటి ప్రశ్న ఒకటైనా ఉండే ఉంటుంది. మన ఇళ్లలో ఏం చేస్తారో మీకు తెలుసు. స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, గట్టిగా రుద్దుతారు. వార్డుల్లో మనమే ఏళ్ల తరబడి అలా చేసి చూపించాం కదా! ఎర్రబడ్డ చోట రుద్దకూడదని ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. అడుగున అప్పటికే నలిగిన కణజాలం రుద్దితే ఇంకా దెబ్బతింటుంది. మీ 60 మందిలో ఎందరు పాఠం విన్నాక కూడా ‘రుద్దాలి’ అనే రాశారు? ఎవరు మారారు, ఎవరు మారలేదు? మారనివాళ్లు రోగిని చూడడం మొదలుపెట్టి ఎన్నాళ్లయింది? అదీ పేపర్. ఏ అపోహ పాఠంతో పోతుంది, ఏది పోదు అన్నది చదివితే ఇంకో ఊళ్లో హోమ్ కేర్ నర్సు రేపటి నుంచి తన పద్ధతి మార్చుకుంటుంది.

ఇలా ఒక్కో ప్రశ్నలో ముందు తప్పు, తర్వాత ఒప్పు అని పోల్చేటప్పుడు టీ టెస్ట్ పనికిరాదు, మెక్‌నెమార్ టెస్ట్ వాడాలి. మీ కాలేజీకి వచ్చే స్టాటిస్టిక్స్ సార్‌ని ఆ పేరుతోనే అడగండి. ఇంకొక జాగ్రత్త. డేటా చూశాక ఎంచుకున్న ప్రశ్నలు కాబట్టి, ఈ విశ్లేషణ తర్వాత చేసిందని పేపర్లో ఒప్పుకోండి. అన్ని ప్రశ్నల ఫలితాలూ టేబుల్లో పెట్టండి, మీకు నచ్చినవి మాత్రమే కాదు.

థీసిస్ నుంచి వ్యాసానికి వచ్చేటప్పుడు చాలామంది 120 పేజీలను కుదించాలని చూస్తారు. కుదించకండి. కొత్తగా రాయండి. థీసిస్‌లో 30 పేజీలున్న రివ్యూ ఆఫ్ లిటరేచర్ ఇక్కడ మూడు పేరాలవుతుంది. కాన్సెప్చువల్ ఫ్రేమ్‌వర్క్ బొమ్మ చాలాసార్లు పూర్తిగా పోతుంది. కులం, మతం, ఆదాయం అంటూ ప్రతి డెమోగ్రాఫిక్ వేరియబుల్‌తోనూ కై స్క్వేర్ వేసిన ఆ పొడవాటి టేబుళ్లు కూడా తీసేయండి, చదివేవాళ్లకు వాటితో పనిలేదు. ఉపోద్ఘాతం, పద్ధతి, ఫలితాలు, చర్చ. ఈ నాలుగు గదుల ఇల్లే జర్నల్ వ్యాసం. పద్ధతి నుంచి మొదలుపెట్టండి, ఎందుకంటే మీరేం చేశారో మీకు తెలుసు. ఉపోద్ఘాతం చివర్లో రాసుకోవచ్చు. రాండమైజేషన్ (ఎవరు ఏ గ్రూపులోకో లాటరీ వేసినట్టు పంచడం) లేని ఇలాంటి అధ్యయనాల్లో ఏమేం తప్పక చెప్పాలో ట్రెండ్ అనే చెక్‌లిస్ట్ ఉంది, నెట్‌లో ఉచితం. దాన్ని పక్కన పెట్టుకుంటే రివ్యూయర్ అడగబోయే ప్రశ్నల్లో సగం ముందే తీరిపోతాయి.

ఎథిక్స్ కమిటీ అనుమతి నంబర్, ఆసుపత్రి అనుమతి, పాల్గొన్నవాళ్ల అంగీకారం తప్పక రాయాలి. మీ ప్రశ్నపత్రం సొంతం కాకుండా ఎవరి స్కేలైనా తీసుకుని ఉంటే అనుమతి మెయిల్ వెతికి పెట్టుకోండి. మందులు సరిగా వాడుతున్నారో లేదో కొలిచే మోరిస్కీ స్కేలును అనుమతి లేకుండా వాడి, అచ్చయిన పేపర్‌ను వెనక్కి తీసుకోవాల్సి వచ్చినవాళ్లున్నారు. ఇంకొకటి చేదుగా ఉన్నా చెప్పాలి. పాఠం చెప్పడం కూడా ఇంటర్వెన్షనే, అంటే పాల్గొన్నవాళ్లలో మార్పు కోసం మనం కావాలని చేసే పనే. చాలా జర్నళ్లు దాన్ని సీటీఆర్‌ఐలో (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) ముందే రిజిస్టర్ చేశారా అని అడుగుతాయి. 2018 ఏప్రిల్ 1 నుంచి అధ్యయనం మొదలుపెట్టాక అక్కడ రిజిస్టర్ చేయడం కుదరదు. చేయకపోతే చేయలేదనే రాయండి. కొన్ని జర్నళ్లు కాదంటాయి, అది భరించాల్సిందే. తర్వాతి స్టడీకి మాత్రం మొదటి మనిషిని చేర్చుకోకముందే రిజిస్టర్ చేయించండి, డబ్బేమీ కట్టక్కర్లేదు.

పేర్ల సంగతి. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నియమాల ప్రకారం ఆథర్ అనిపించుకోవాలంటే నాలుగూ ఉండాలి: పనిలో చెప్పుకోదగ్గ పాత్ర, రాయడంలోనో గట్టిగా దిద్దడంలోనో చెయ్యి, చివరి ప్రతికి ఆమోదం, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పే బాధ్యత. థీసిస్‌కు దారి చూపిన మీ గైడ్ మేడమ్ డ్రాఫ్ట్ చదివి దిద్ది, చివరి ప్రతిని ఒప్పుకుని, ఆ బాధ్యత తీసుకుంటే ఆమె నిక్కంగా ఆథరే. మొదటి పేరు ఎక్కువ పని చేసి, డ్రాఫ్ట్ రాసినవాళ్లది కావడం ఆనవాయితీ. అంటే మీది. దీన్ని గొడవగా కాకుండా రాయడం మొదలుపెట్టే రోజే అడిగేయండి. “మేడమ్, డ్రాఫ్ట్ అంతా నేను రాస్తాను, మొదటి పేరు నాది వేసుకుంటాను, కరెస్పాండింగ్ ఆథర్‌గా మీరు ఉంటారా?” అంటే చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. కరెస్పాండింగ్ ఆథర్ అంటే జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారు. ఆవిడకు గౌరవం దక్కుతుంది, మెయిల్స్ చూసేటప్పుడు ఆవిడ అనుభవం మీకు పనికొస్తుంది. ప్రిన్సిపల్ గారి పేరు మాత్రం, ఆమె చేసింది ప్రోత్సాహమే అయితే, కృతజ్ఞతల్లో ఉండాలి. చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. జర్నల్ వాళ్లు ఒక్కొక్కరి పాత్ర రాసి ఇవ్వమంటున్నారని ఆ ఫారమ్ చూపించండి. మీరు కాదనక్కర్లేదు, ఫారమే కాదంటుంది.

ఇంగ్లిష్ గురించి అంత టెన్షన్ వద్దు. మీ స్టడీ మొత్తం అమ్మకో అక్కకో తెలుగులో ఐదు నిమిషాల్లో చెప్పండి, ఫోన్‌లో రికార్డ్ చేయండి. ఏం చేశారు, ఏం తేలింది, అయితే ఏంటి. దాన్ని చిన్నచిన్న ఇంగ్లిష్ వాక్యాల్లో పెట్టండి. నర్సింగ్ జర్నళ్లకు సాహిత్యం అక్కర్లేదు, కేస్ షీట్‌లో రాసినంత సూటిగా ఉంటే చాలు. వ్యాకరణం దిద్దుకోవడానికి చాట్‌జీపీటీ లాంటివి వాడితే వాడినట్టు జర్నల్‌కు చెప్పండి. రిఫరెన్సులు మాత్రం దాన్ని అడగకండి, లేని వ్యాసాలను ఉన్నట్టు పుట్టించి ఇస్తుంది.

ఎక్కడికి పంపాలి? ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ 1910 నుంచి తెస్తున్న ‘నర్సింగ్ జర్నల్ ఆఫ్ ఇండియా’ ఉంది. వేలూరు సీఎంసీ వాళ్ల ‘ఇండియన్ జర్నల్ ఆఫ్ కంటిన్యూయింగ్ నర్సింగ్ ఎడ్యుకేషన్’, చండీగఢ్ పీజీఐ వాళ్ల ‘నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ రీసెర్చ్ జర్నల్’ ఉన్నాయి. ఒక్కోదాని ఇటీవలి సంచికలు రెండేసి చదివి, మీ అంశం ఎక్కడ అతుకుతుందో చూడండి. ఒకసారికి ఒక్క జర్నల్‌కే పంపాలి, పెళ్లి సంబంధాల్లా నాలుగు చోట్ల కదపకూడదు. జవాబుకు నెలలు పడుతుంది. తిప్పి పంపితే రివ్యూయర్ల మాటలు ఒక కాగితం మీద ఒక్కొక్కటిగా రాసుకుని, ప్రతిదాని కింద ఏం మార్చారో, ఏ పేజీలోనో రాయండి. మార్చకపోతే ఎందుకో మర్యాదగా చెప్పండి. నా మొదటి అసలైన పేపర్‌ను రెండు చోట్ల కాదన్నారు, మూడోచోట రెండుసార్లు తిరగరాయించారు. ఆ రివ్యూయర్ల దగ్గర నేర్చుకున్నంత నేను ఎమ్మెస్సీలో నేర్చుకోలేదు.

మీ స్నేహితులు అడగవచ్చు కాబట్టి ఒక మాట. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ ఉద్యోగాల పరీక్ష నార్సెట్ రాసేవాళ్లకు, నర్సుల లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసి అమెరికా వెళ్లాలనుకునేవాళ్లకు పేపర్ లేకపోతే నష్టమేమీ లేదు. ఆ సమయం చదువుకు పెట్టడమే మేలు. మీది పీహెచ్‌డీ, బోధన దారి కాబట్టి మీకు కావాలి. అక్కడ ఇంటర్వ్యూలో కూర్చున్నవాళ్లు ‘ఈ ప్రశ్న ఎందుకు ఎంచుకున్నావ్’ అని అడుగుతారు. ఐదు రోజుల జర్నల్ పేరు కనబడితే వాళ్లు ఏమీ అడగరు, అదే భయం.

ఆ వాట్సాప్ ఆయనకు థీసిస్ ఫైల్ ఇప్పటికే పంపేశారా? పంపితే ఈ రాత్రే మెయిల్ పెట్టండి: ఈ వ్యాసాన్ని ఉపసంహరించుకుంటున్నాను, అచ్చువేయడానికి నా అనుమతి లేదు అని. మెయిల్‌లోనే, ఫోన్‌లో కాదు. కాపీరైట్ ఫారమ్ మీద సంతకం పెట్టకండి. వెనక్కి తీసుకోవాలంటే విత్‌డ్రాయల్ ఫీజు కట్టమని బెదిరించవచ్చు. ఒక్క రూపాయి కట్టకండి. ఆ మెయిల్ కాపీ గైడ్ మేడమ్‌కు కూడా పెట్టి, ఆ నంబర్ బ్లాక్ చేయండి.