కొన్ని తోటలు 30 రోజులకు, కొన్ని 75 రోజులకు చూస్తే లెక్క ఎలా?

ప్రశ్న: జీడిచెట్లకు కాండం తొలిచే పురుగు పట్టిందా లేదా అన్నది 1, 0గా రాస్తున్నాం. కొన్ని తోటలకు 30 రోజుల తర్వాత, కొన్నింటికి 75 రోజుల తర్వాతే మళ్లీ వెళ్లగలిగాం. లాజిస్టిక్ రిగ్రెషన్‌లో ఈ తేడా ఎలా చూపాలి?
– పరిశోధక విద్యార్థి, పలాస, శ్రీకాకుళం జిల్లా

జవాబు: సంభావ్యతను చలరాశులతో కలిపే సూత్రమే లింక్. లాజిస్టిక్ రిగ్రెషన్ వాడే లాజిట్ లింక్ కన్నా ఇక్కడ కాంప్లిమెంటరీ లాగ్‌లాగ్ లింక్ నయం. పురుగు పట్టే వేగం స్థిరమనుకుంటే, పట్టకుండా మిగిలే సంభావ్యత రోజులతో ఘాతీయంగా తగ్గుతుంది. అందుకే ఈ లింక్‌లో రోజుల లాగరిథమ్‌ను ఆఫ్‌సెట్‌గా, అంటే గుణకం 1కే కట్టేసిన చలరాశిగా, ఇస్తే సరిపోతుంది. అదే ఆఫ్‌సెట్‌ లాజిట్‌లో పెట్టినా సాఫ్ట్‌వేర్ కిక్కురుమనదు. కానీ అప్పుడు రోజులతో పాటు పెరిగేది వేగం కాదు, ఆడ్స్ (పట్టే సంభావ్యతను పట్టని సంభావ్యతతో భాగిస్తే వచ్చేది). మొదటిసారే పురుగున్న చెట్లను లెక్కలోంచి ముందే తీసేయండి.

కాంప్లిమెంటరీ లాగ్‌లాగ్ లింక్ రెండు వైపులా ఒకేలా వంగదు. సంభావ్యత 0.05 దగ్గర లాజిట్ −2.94, ఇది −2.97, దాదాపు ఒకటే. 0.95 దగ్గర లాజిట్ 2.94, ఇది 1.10 మాత్రమే. కాబట్టి పురుగు పట్టిన చెట్లు అన్నిచోట్లా బాగా తక్కువైతే మోడళ్లను పోల్చే కొలమానమైన ఏఐసీ ఏ లింక్ మేలో తేల్చలేదు. దానికోసం తల బద్దలు కొట్టుకోకండి.

ఎక్కువమంది బోల్తా పడేది కోడింగ్ దగ్గర. 1, 0 తారుమారైతే లాజిట్‌లో గుర్తులే మారతాయి. కాంప్లిమెంటరీ లాగ్‌లాగ్‌లో మోడలే మారిపోతుంది. పురుగు పట్టినదే 1 కావాలి. గుణకాన్ని ఎక్స్‌పొనెన్షియల్ చేస్తే వచ్చేది ఆడ్స్ నిష్పత్తి కాదు, హజార్డ్ నిష్పత్తి, అంటే పురుగు పట్టే వేగాల నిష్పత్తి. పట్టికలో అలాగే రాయండి.

చివరగా, లాగ్ రోజులను ఆఫ్‌సెట్‌గా కాక మామూలు చలరాశిగా పెట్టి చూడండి. గుణకం 1కి బాగా దూరంగా వస్తే వేగం స్థిరం కాదేమోనని అనుమానించి, నెలను కూడా మోడల్‌లో చేర్చండి.