ఆన్‌లైన్‌లో నలుగురూ నమ్మేలా వాదించడం మీరెలా నేర్చుకున్నారు?

నేర్చుకోలేదండీ, ఒక కన్నడ కుర్రాడు నేర్పించాడు. అదీ పరువు తీసి మరీ.

నాలుగేళ్ళ కిందటి మాట. ఏ భాష గొప్పదని రచ్చ నడుస్తుంటే నేనూ దూరాను. మా బావగారు వాట్సాప్‌లో పంపిన సరుకంతా దింపేశాను. 2012లో జరిగిన ప్రపంచ లిపుల పోటీలో కొరియన్ లిపికి మొదటి స్థానం, తెలుగుకు రెండోది. దేశంలో హిందీ తర్వాత ఎక్కువమంది మాట్లాడేది తెలుగే. కన్నడం కంటే మన శాసనాలే పాతవి, కావాలంటే కడప జిల్లా కలమళ్ళ శాసనం చూసుకోండి, 575 నాటిది. తెలుగు లిపి గొప్పతనమంతా ఇంగ్లీషు అక్షరాల్లో రాశానన్న సంగతి అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పటికీ చాలామందికి తట్టదు, ఆ బాధ ఇంకోసారి.

ఆ కుర్రాడు తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టి బయటపడేవాణ్ణి. మర్యాదగా మూడు ప్రశ్నలు అడిగాడు. ఆ పోటీలో లిపులకు మార్కులు ఎవరు వేశారు సార్, ఏ లెక్కన? 2011 జనాభా లెక్కలు చూశారా? హల్మిడి పేరు విన్నారా?

ఆ రాత్రి రెండింటిదాకా వెతికాను. మార్కులు ఎవరు వేశారో చెప్పడానికి నా దగ్గర ఆ ఫార్వర్డ్ తప్ప ఏమీ లేదు. 2011 లెక్కల్లో మనది నాలుగో స్థానం, 8.11 కోట్లమంది. 2001లో మూడోదే గానీ, ఆ పదేళ్ళలో మరాఠీ మనల్ని దాటేసింది. స్కూల్లో చదివిన అంకెలతో ముసలయ్యేదాకా లాగిద్దామనుకుంటే ఇలాగే అవుతుంది. ఇక హల్మిడి కన్నడ శాసనం 5వ శతాబ్దం నాటిదంటారు, అంటే కలమళ్ళ కంటే వందేళ్ళు ముందు.

నాకు ఇప్పటికీ కడుపు మండేది కలమళ్ళ గురించే. కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోళుల కాలంలో ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు వేయించిన శాసనం అది. పూర్తిగా తెలుగులో ఉన్నవాటిలో మనకు దొరికిన తొలి శాసనంగా దాన్నే చెబుతారు. అంతకుముందు ఆ ప్రాంతాల్లో ప్రాకృతంలోనో సంస్కృతంలోనో రాయించే రోజులు. ఇంత మంచి విషయం చేతిలో పెట్టుకుని, దాన్ని తీసుకెళ్ళి ఆ లిపుల పోటీ పక్కన కూర్చోబెట్టాను. దాన్నీ ఎవరూ పట్టించుకోలేదు.

పొద్దున్నే మళ్ళీ రాశాను, ఈసారి తెలుగులో. ముందు నా మూడు తప్పులూ ఒప్పుకుని, తర్వాత కలమళ్ళ గురించి మాత్రమే రాశాను. ఆ కుర్రాడే అనువాదం పెట్టుకుని చదివి, రేనాడు అంటే ఇప్పుడు ఏ ప్రాంతం సార్ అని అడిగాడు. మేమిద్దరం శాసనాల ఫొటోలు పంచుకుంటూనే ఉన్నాం.

మొన్న ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవమని మా బావగారు ఆ లిపుల పోటీ ఫొటో మళ్ళీ పెట్టారు. మార్కులు ఎవరు వేశారు బావగారూ అని అడిగాను. ఆ రోజు నుంచి ఆయన నాతో అక్క ఫోన్‌లోనే మాట్లాడుతున్నారు.