జబ్బు పడకముందే పాలసీ మంచిచెడ్డలు తెలుస్తాయా?

ప్రశ్న: అంబాజీపేట దగ్గర మాకు కొబ్బరితోట ఉంది. నాకు 68, నా భార్యకు 64 ఏళ్లు. ఇద్దరికీ బీపీ ఉంది, నాకు షుగరు కూడా. నాలుగేళ్లుగా ఇద్దరికీ కలిపి రూ.5 లక్షల ఆరోగ్య బీమా కడుతున్నాం. ఇంతవరకు ఒక్క క్లెయిమూ పెట్టలేదు. ఏజెంటు మర్యాదస్తుడు, పిలిస్తే ఇంటికి వస్తాడు కనుక పాలసీ మంచిదేననుకున్నాను. మా అబ్బాయి మాత్రం వేరే కంపెనీకి మారమంటున్నాడు. పాలసీ ఎలాంటిదో ముందే తెలుసుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, కోనసీమ జిల్లా

జవాబు: కొబ్బరికాయనైతే చెవి దగ్గర ఊపి లోపల నీళ్లున్నాయో లేదో చెప్పగలరు గానీ, పాలసీకి ఆ వీలు లేదు, షరతుల కాగితాలు చదవవలసిందే. పెద్దవారిలో చాలామంది ప్రీమియం ఎంత, ఏజెంటు ఎలాంటివాడు, పక్కింటివారికి డబ్బు వచ్చిందా అనే మూడింటితోనే తీర్పు చెప్పేస్తారు. పక్కింటివారి పాలసీ షరతులు వేరు, మీవి వేరు.

మొదట గది అద్దె పరిమితి చూడండి. బీమా మొత్తంలో రోజుకు 1 శాతం అని ఉంటే మీకు రూ.5,000 గది వర్తిస్తుంది. మీరు రూ.8,000 గదిలో నాలుగు రోజులున్నారనుకోండి. అద్దెలో తేడా రూ.12,000 మాత్రమే కదా అని ఎవరైనా అనుకుంటారు. కానీ డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటరు వంటి ఖర్చులను కూడా అదే దామాషాలో, అంటే ఎనిమిదింట ఐదు వంతులకు తగ్గిస్తారు, అవి రూ.80,000 అయితే రూ.50,000 మాత్రమే లెక్కలోకి వస్తుంది. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వర్తించదు. అవి లక్ష అనుకుందాం. పాలసీలో 20 శాతం కో-పే (లెక్కలోకి వచ్చిన మొత్తంలో మీరే భరించాల్సిన వాటా) కూడా ఉంటే, రూ.2,12,000 బిల్లులో కంపెనీ ఇచ్చేది రూ.1,36,000, మీ జేబులోంచి పోయేది రూ.76,000. ప్రీమియంలో రెండు మూడు వేలు తక్కువని సంతోషించినవారు ఈ లెక్క దగ్గరే కంగు తింటారు. శుక్లాల ఆపరేషన్ వంటి వాటికి విడిగా పరిమితులున్నాయేమో కూడా చూసుకోండి.

నగదు రహిత చికిత్స ఇచ్చే ఆస్పత్రుల జాబితాలో హైదరాబాదు పేర్లు ఎన్ని ఉన్నా, అర్ధరాత్రి గుండెల్లో నొప్పి వస్తే మీరు వెళ్లేది అమలాపురమో, ఎదుర్లంక వంతెన దాటి కాకినాడో. అక్కడి ఆస్పత్రి బీమా కౌంటరుకు ఒకసారి స్వయంగా వెళ్లి, మీ కంపెనీ అనుమతులు ఎంతసేపటికి వస్తున్నాయో అడగండి. 2024 నియమాల ప్రకారం నగదు రహిత చికిత్సకు గంటలోగా, డిశ్చార్జికి మూడు గంటల్లోగా కంపెనీ అనుమతి తెలపాలి.

మారే విషయంలో తొందరపడవద్దు. ముందే ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం, అంటే వాటి చికిత్సకు బీమా వర్తించని తొలి కాలం, ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలు. 60 నెలలు ఎడతెగకుండా కడితే, మోసం రుజువైతే తప్ప, ఆరోగ్య వివరాలు దాచారనే కారణంతో క్లెయిమును కాదనలేరు. పోర్టబిలిటీ పద్ధతిలో, అంటే ఉన్న పాలసీనే వేరే కంపెనీకి బదిలీ చేసుకుని మారితే, పాత బీమా మొత్తం మేరకు మీరు ఇంతవరకు కట్టిన కాలమంతా కలిసివస్తుంది. పాతది మానేసి కొత్తది తీసుకుంటే అంతా మళ్లీ మొదటికి వస్తుంది. రెన్యువలుకు నెలన్నర ముందే దరఖాస్తు చేసి, బీపీ, షుగరు సంగతి దాచకుండా రాయండి. మీ వయసు, జబ్బులు చూసి కొత్త కంపెనీ నిరాకరించవచ్చు కూడా. అది ఒప్పుకుని కాగితం చేతికి వచ్చేదాకా పాతదాన్ని వదలవద్దు.

రెండేళ్లలో మీకు 70 నిండితే, ఆదాయంతో నిమిత్తం లేకుండా కేంద్ర ప్రభుత్వ ఆయుష్మాన్ వయ వందన కార్డుపై కుటుంబంలోని 70 దాటినవారికి కలిపి ఏడాదికి రూ.5 లక్షల వరకు ఉచిత చికిత్స లభిస్తుంది. అది చూసుకుని ఈ పాలసీ మానేయాలనుకుంటారేమో. కానీ మీ భార్యకు అప్పటికి 66 ఏళ్లే, ఆమెకు ఆ కార్డు రావడానికి మరో నాలుగేళ్లు ఆగాలి.