ఓడ దగ్గరే ఆగిపోకు

చిట్టితల్లీ,

అమెరికాలో బానిసగా పుట్టిన రాబర్ట్ స్మాల్స్ మీద నువ్వు రాసిన జీవితకథ రాత్రి రెండుసార్లు చదివాను. ఓడ ఘట్టం బాగా కుదిరింది. అమెరికా అంతర్యుద్ధంలో, 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున ఉన్న అదను చూసి, బానిసగా ఉన్న స్మాల్స్ కెప్టెన్ టోపీ పెట్టుకుని, దక్షిణాది సైన్యం వాడుతున్న ప్లాంటర్ ఓడను చార్లెస్టన్ రేవు దాటించడం, సమ్టర్ కోట ముందు సంకేతం ప్రకారం కూత వేయించడం, భార్యాపిల్లలతో సహా బయల్దేరి దక్షిణాదితో పోరాడుతున్న ఉత్తరాది నౌకాదళాన్ని చేరడం. చదువుతుంటే నాకే టెన్షన్ పుట్టింది.

కానీ పన్నెండు పేజీల్లో తొమ్మిది ఆ ఒక్క రాత్రికే ఇచ్చేశావు. అప్పటికి ఆయన వయసు 23. ఆ తర్వాత యాభై ఏళ్లకు పైగా బతికారు. నేనూ పాఠాలు చెప్పిన రోజుల్లో ఇదే పొరపాటు చేశాను. సాహసం చెప్పి గంట కొట్టగానే ఆపేసేవాణ్ణి. పిల్లలకు ధైర్యం గుర్తుండేది, పని గుర్తుండేది కాదు.

ఓడను మూడు పేజీలకు కుదించు. మిగిలిన చోటు చదువుకు ఇవ్వు. ఆయనకు చిన్నప్పుడు అక్షరాలు రావు. పెద్దయ్యాక ఫిలడెల్ఫియాలో గురువులను పెట్టుకుని నేర్చుకున్నారు. ఆ మనిషే 1868లో దక్షిణ కరోలినా రాజ్యాంగం రాసే సభలో కూర్చుని పిల్లలందరికీ ఉచిత బడి కావాలని పట్టుబట్టారు. ఈ రెండూ పక్కపక్కనే పెట్టు, నువ్వు వ్యాఖ్యానించనక్కర్లేదు.

కాంగ్రెస్‌కు, అంటే అమెరికా చట్టసభకు, 1875, 1887 మధ్య ఐదుసార్లు వెళ్లారని ఒక్క వాక్యంలో తేల్చేశావు. అక్కడ ఏం చేశారో చెప్పాలి కదమ్మా. 1876లో దక్షిణ కరోలినాలోని హాంబర్గ్‌లో నల్లజాతి వాళ్లను చంపినప్పుడు, తన రాష్ట్రం నుంచి కేంద్ర సైన్యాన్ని తీసేయొద్దని సభలో గట్టిగా అడిగారు. సైన్యం వెళ్లిపోతే ఓటు వేయడానికి వచ్చేవాళ్లకు అండ ఉండదని ఆయనకు తెలుసు.

లంచం కేసు వదిలేశావు, నాకు నచ్చలేదు. 5,000 డాలర్లు తీసుకున్నారని 1877లో శిక్ష పడింది, 1879లో గవర్నర్ క్షమాభిక్ష ఇచ్చారు. నీళ్లు నమలకుండా రాసెయ్. ప్రత్యర్థులు రాష్ట్రంలో అధికారంలోకి వచ్చిన ఏడాదే ఆ తీర్పు వచ్చిందని కూడా రాయి. నువ్వు దాచినది ఇంకొకరు బయటపెడితే మిగతా కథనూ నమ్మరు.

చివరి పేజీ 1895కి అట్టేపెట్టు. నల్లవాళ్ల ఓటు ఊడబెరికేలా రాష్ట్రానికి కొత్త రాజ్యాంగం రాస్తున్న సభలో అతి కొద్దిమంది నల్లజాతి సభ్యుల్లో ఆయన ఒకరు. తన జాతికి ప్రత్యేక రక్షణ అక్కర్లేదని, జీవన పోరాటంలో సమాన అవకాశం ఇస్తే చాలని అక్కడే అన్నారు. ఓడిపోయారు. ఆ రాజ్యాంగం మీద సంతకం మాత్రం పెట్టలేదు.

తిరగరాసి ఆదివారంలోపు పంపు. ఈసారి అత్తయ్యకు కూడా చదివి వినిపిస్తాను.

నీ మామయ్య