ఎన్‌బీఏలో మంచి సీట్లన్నీ కంపెనీలకేనా?

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ ఆటల్లో కోర్టుకి దగ్గరగా ఉండే సీట్లని కంపెనీలు సీజన్ మొత్తానికి కొనేసుకోవడం అభిమానులకు అన్యాయం కాదా అని అడిగారు. అన్యాయమే. కానీ వాళ్లు కొనడం కన్నా, కొన్నాక ఆ సీట్లని ఖాళీగా ఉంచడం నన్ను ఎక్కువ బాధపెట్టింది.

బే ఏరియాలో (శాన్‌ఫ్రాన్సిస్కో, ఓక్లాండ్ ఉన్న ప్రాంతం) నేను పనిచేసిన కంపెనీకి అక్కడి టీమ్ వారియర్స్ సీజన్ టికెట్లు ఉండేవి. కింది వరుసల్లో నాలుగు సీట్లు, పెత్తనం సేల్స్ వాళ్లది. లేకర్స్ లాంటి పెద్ద టీమ్ వస్తోందంటే చాలు, ఎంతో ముందే క్లయింట్ల పేర్లు రాసేసుకునేవారు. అదే మంగళవారం రాత్రి, పట్టికలో అడుగునున్న టీమ్‌తో ఆట అయితే ఎవరికీ పట్టేది కాదు. మధ్యాహ్నం ఎప్పుడో "ఎవరైనా వెళ్తారా?" అని మెయిల్ వచ్చేది. అప్పటికప్పుడు పిల్లల్ని ఎవరికో అప్పగించి ఆ ట్రాఫిక్‌లో పడి వెళ్లేదెవరు? చాలాసార్లు ఆ టికెట్లు ఎవరో ఒకరి ఫోన్లోనే ఉండిపోయేవి.

వెళ్లిన రాత్రుల్లో మా చుట్టుపక్కల కూడా అదే వరస. మొదటి క్వార్టర్ సగమయ్యేదాకా కొన్ని సీట్లు నిండవు. హాఫ్‌టైమ్‌కి లాంజ్‌లోకి వెళ్లినవాళ్లు కొందరు మళ్లీ కనిపించరు. కేకలన్నీ పై అంతస్తు నుంచే. ఓసారి వారియర్స్ స్టార్ స్టీఫెన్ కర్రీ దూరం నుంచి వరుసగా త్రీ పాయింటర్లు (మూడు పాయింట్ల షాట్లు) వేస్తుంటే నా పక్కాయన కాంట్రాక్టు రెన్యూవల్ గురించి మాట్లాడుతూనే ఉన్నాడు (మా క్లయింటే, ఏమనగలం).

టీమ్ లెక్క టీమ్‌ది. రెగ్యులర్ సీజన్‌లో 82 ఆటలు, సగం సొంత అరీనాలో. గెలిచినా ఓడినా, ఎదుటి టీమ్ ఏదైనా, సీజన్ టికెట్లు అమ్మితే వాటన్నిటి డబ్బు ముందే చేతికొస్తుంది. పైగా 2019లో వారియర్స్ ఓక్లాండ్ వదిలి శాన్‌ఫ్రాన్సిస్కోలోని చేజ్ సెంటర్‌కి మారినప్పుడు సీట్లు 19,596 నుంచి 18,064కి తగ్గాయి. అక్కడ సీజన్ టికెట్ కావాలంటే ముందు మెంబర్‌షిప్ ఫీజు కట్టాలి. అది తిరిగొస్తుంది, కాకపోతే 30 ఏళ్ల తర్వాత, వడ్డీ లేకుండా! అన్నేళ్లు డబ్బు మర్చిపోయి ఉండగలిగేది కంపెనీయా, ఓక్లాండ్‌లో బస్సు నడుపుకునే అభిమానా?

పన్ను రాయితీ పోతే కంపెనీలు తగ్గుతాయని కొందరు ఆశపడ్డారు. అంతకుముందు ఇలాంటి టికెట్ల ఖర్చులో సగం దాకా పన్ను లెక్కలో మినహాయింపు దొరికేది. 2017 చివర్లో వచ్చిన చట్టం 2018 నుంచి దాన్ని తీసేసింది. మా కంపెనీ ఒక్క సీటు కూడా వదులుకోలేదు. ఒక్క డీల్ కుదిరితే ఆ ఖర్చు లెక్కలోకే రాదు. సొంత జేబులోంచి కట్టనివాడితో పోటీపడి సీటు కొనాలి, మామూలు అభిమానికి అసలు చిక్కు అదే.

టీమ్ తల్చుకుంటే మార్చలేనిదేం కాదు. లాస్ ఏంజెలెస్ టీమ్ క్లిప్పర్స్ యజమాని స్టీవ్ బాల్మర్ 2024లో ఇంగిల్‌వుడ్‌లో తెరిచిన ఇంట్యుయిట్ డోమ్ అనే అరీనాలో ఒక బాస్కెట్ వెనక 51 వరుసలు ఏకంగా అభిమానులకే పెట్టాడు. సుమారు 4,500 సీట్లు, పేరు 'ది వాల్'. ప్రత్యర్థి టీమ్ జెర్సీతో అక్కడ కూర్చోనివ్వరు. నన్నడిగితే ప్రతి టీమూ ఇంకో నియమం కూడా పెట్టాలి: ఎవరు వస్తున్నారో ఆట ముందురోజుకల్లా చెప్పని కంపెనీ సీటుని వెనక్కి తీసుకుని, అసలు ధరకే అభిమానులకు అమ్మాలి.

అది జరిగేలోగా మీరు చేయగలిగింది ఒకటుంది. వారం మధ్యలో, పెద్ద పేరు లేని టీమ్ వచ్చే రోజున, ఆటకి గంటో రెండు గంటలో ముందు రీసేల్ యాప్‌లు చూడండి. కంపెనీ సీట్లు కూడా అక్కడికి వస్తుంటాయి, చాలాసార్లు రేటు బాగా దిగుతుంది. మీ ఆఫీసుకే టికెట్లు ఉంటే, అవి ఎవరి చేతిలో ఉన్నాయో కనుక్కుని, "ఎవరూ వెళ్లకపోతే నేను రెడీ" అని చెప్పి ఉంచండి. నాకు వచ్చిన టికెట్లలో ఎక్కువ అలా వచ్చినవే.