యావరేజ్ తీసే ముందు ఆ న్యూరాన్ ఏ స్థితిలో ఉందో చూడు

అమ్మాయీ,

ఒకే న్యూరాన్‌కి ఒకే కరెంటు ఇస్తున్నా ఒకసారి స్పైక్ (న్యూరాన్ పంపే విద్యుత్ సంకేతం) వస్తోంది, ఇంకోసారి ఉలుకూ పలుకూ లేదు అని టెన్షన్ పడుతున్నావు. ఎలక్ట్రోడ్‌ని తిట్టుకోకు. ట్రయల్స్ అన్నీ కలిపి యావరేజ్ తీస్తే గ్రాఫ్ నున్నగానే వస్తుంది, కానీ అసలు సంగతి అందులోనే కొట్టుకుపోతుంది.

ముందు ప్రతి ట్రయల్లో స్టిమ్యులస్‌కి ముందున్న 100 మిల్లీసెకన్లు విడిగా తీసి చూడు. అప్ స్టేట్‌లో (వోల్టేజి పైకి లేచి, సినాప్సులు చురుగ్గా ఉన్న స్థితి) ఉందా, డౌన్ స్టేట్‌లో (వోల్టేజి కిందికి దిగి, అంతా నిశ్శబ్దంగా ఉన్న స్థితి) ఉందా? పిల్లి విజువల్ కార్టెక్స్‌లో (చూపుని చూసుకునే మెదడు పైపొర) అరియేలి, గ్రిన్‌వాల్డ్ వాళ్లు 1996లోనే చూపించారు, ట్రయల్‌కీ ట్రయల్‌కీ వచ్చే తేడాలో చాలా భాగం అప్పటికే అక్కడ నడుస్తున్న యాక్టివిటీదేనని.

అలాగని అప్ స్టేట్ అంటే థ్రెషోల్డ్‌కి (స్పైక్ పుట్టే వోల్టేజికి) దగ్గర, కాబట్టి ఎప్పుడూ ఎక్కువ ఫైర్ అవుతుంది అని తేల్చేయకు. అందరూ ఇక్కడే బోల్తా పడతారు. బ్యాక్‌గ్రౌండ్ సినాప్సులు (మిగతా న్యూరాన్ల నుంచి నిత్యం సంకేతాలు వచ్చే కనెక్షన్లు) వోల్టేజీని పైకి లాగడంతో పాటు మెంబ్రేన్‌లో చానెళ్లు తెరిచి ఉంచుతాయి, దాంతో ఇన్‌పుట్ రెసిస్టెన్స్ పడిపోతుంది, అదే కరెంటుకి వోల్టేజి తక్కువ కదులుతుంది, టైమ్ కాన్‌స్టంట్ (ఒక ఇన్‌పుట్ ప్రభావం ఎంతసేపు నిలుస్తుందో చెప్పే కొలత) కూడా తగ్గుతుంది కాబట్టి ఇన్‌పుట్లు దాదాపు ఒకేసారి వచ్చి పడితే తప్ప ఒకదానికొకటి తోడవవు. మరోపక్క వోల్టేజి ఎగుడుదిగుళ్ల వల్ల, మామూలుగా థ్రెషోల్డ్ చేరలేని చిన్న ఇన్‌పుట్ కూడా అప్పుడప్పుడూ దాటేస్తుంది. ఎలుకల మీసాల కార్టెక్స్‌లో మీసాన్ని కదిపితే వచ్చే స్పందన డౌన్ స్టేట్‌లోనే పెద్దదిగా కనిపించింది మరి!

నువ్వు స్లైసులో (మెదడు నుంచి కోసి తీసిన పలుచని ముక్కలో) కూడా చేస్తానన్నావు. అక్కడ ఈ హడావిడి దాదాపు ఉండదు, న్యూరాన్ -70 మిల్లీవోల్టుల దగ్గర కదలకుండా కూర్చుంటుంది. డీసీ కరెంటుతో పైకి లేపి "ఇదే మెలకువ స్థితి" అనకు, రెసిస్టెన్స్ పెద్దగా దిగదు, నాయిసూ రాదు. డైనమిక్ క్లాంప్ పెట్టు, అది క్షణక్షణం వోల్టేజి చదివి దానికి తగ్గ కరెంటు ఇస్తుంది కాబట్టి కండక్టెన్స్ (చానెళ్లు తెరుచుకోవడం) ప్రభావం నిజంగా కనిపిస్తుంది. చాన్స్, ఆబట్, రేయెస్ 2002లో అదే చేశారు: ఎక్సైటేషన్, ఇన్‌హిబిషన్ రెండూ బ్యాలెన్స్‌లో ఉంచి పెంచుతూ పోతే ఫైరింగ్ కర్వ్ (ఎంత కరెంటుకి ఎన్ని స్పైకులో చూపే గీత) వాలు తగ్గింది, రేడియోలో వాల్యూమ్ తగ్గించినట్టు.

మత్తుమందు పేరు, డోసు నోట్‌బుక్‌లో తప్పకుండా రాయి. కెటమైన్-జైలజీన్ మత్తులో కనిపించే, అప్ డౌన్ స్టేట్‌ల మధ్య ఆ నెమ్మది ఊపు, మెలకువగా చురుగ్గా ఉన్న జంతువులో ఉండదు.

రేపటి నుంచి ప్రతి ట్రయల్ మొదట్లో చిన్న నెగటివ్ పల్స్ ఒకటి ఇవ్వు, రెసిస్టెన్స్ అప్పటికప్పుడే తెలుస్తుంది. ఆ ట్రేసులు యావరేజ్ చేయకుండా నాకు పంపు.